గఫార్ మేస్త్రీ మూర

అబ్దుల్ గఫార్ మేస్త్రీ కుడిపక్కకు తిరిగి బూడిదలో పడుకొని, పొగగొట్టం అడుగున ఉన్న చిన్న తలుపులోంచి ఎడమచేతిని భుజం దాకా లోపలికి దూర్చాడు. చెంప ఇటుకలకు ఆనింది. ముందురోజు సాయంత్రమే పొయ్యి ఆర్పేశారు గాని ఇటుకల్లో వేడి ఇంకా పూర్తిగా పోలేదు. ఆ వేడి చెంపకు తెలిసింది. వేళ్ళకు తెలియలేదు. ఎడమచేతిలో నడిమి మూడు వేళ్ళకూ చివరి కణుపులు లేవు. అవి పోయి పదేళ్ళయింది. మిగిలిన మొండి కొసలకు వేడీ చలీ రెండూ ఒకటే.

లోపల అతను వెతుకుతున్నది గొంతు. పొయ్యి కిందినుంచి అడ్డంగా పాకివచ్చే పొగ నిలువు గొట్టంలోకి మళ్ళే చోటికి మేస్త్రీలు పెట్టుకున్న పేరు అది. పైన గొట్టం ఎంత సోకుగా లేపినా సరే, పని జరిగేదీ చెడేదీ అక్కడే. ఆరు తొట్ల పొయ్యికి గొంతు మూర వెడల్పు, మూర ఎత్తు ఉండాలి. గొట్టం ఇరవై నాలుగు మూరలు లేవాలి. వాళ్ళ నాన్న ఖాదర్ వలి చెప్పిపోయిన లెక్క ఇది. దీనికి తోడు ఇంకో మాట కూడా చెప్పిపోయాడాయన. ఒక పొగగొట్టానికి ఒకటే చేయి. అడుగురాయి నుంచి కొసదాకా కట్టేవాడే తన మూరతో కొలుచుకోవాలి, నడుమ ఇంకొకరి చేయి గాని, కర్ర గాని, టేపు గాని రాకూడదు. టేపులు గోడలకని గఫార్ కూడా అనేవాడు. ఎవరైనా టేపు తెచ్చిస్తే తీసుకొని, మర్యాదగా చుట్టి, పక్కన పెట్టేసేవాడు.

మోచేతిని గొంతు ఇవతలి అంచుకు ఆనించి చేయి చాపాడు. అవతలి అంచు తగల్లేదు. ఇంకోసారి సర్దుకొని చాపాడు. మళ్ళీ తగల్లేదు. వేళ్ళ కొసలకూ అంచుకూ మధ్య బొటనవేలు దూరేంత సందు మిగిలింది.

మసి తీసేవాళ్ళు ఎవరో పారపెట్టి గీకేసి ఉంటారనుకున్నాడు. కాని ఎర్రమట్టి, వరిపొట్టు, బూడిద కలిపి తాను పూసిన పూత ఎక్కడా చెక్కుచెదరలేదు. పూత తడిగా ఉన్నప్పుడు అంచువెంబడి బొటనవేలితో ఒక గాడి లాగడం అతనికి అలవాటు. ఆ గాడి కూడా అట్లాగే ఉంది. పదహారేళ్ళ కిందటి తన బొటనవేలి గాడిలో ఇప్పటి బొటనవేలు సరిగ్గా కూర్చుంది.

అది మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మునిరత్నం రంగుల షెడ్డు. మగ్గాలవాళ్ళ పట్టునూలుకు అక్కడ రంగు అద్దుతారు. ఆరు రాగి తొట్లు, కింద పొడుగాటి పొయ్యి, చివర పొగగొట్టం. అరవై ఎనిమిదిలో గఫారే కట్టాడు. ఇప్పుడు ఎనభై నాలుగు, ఆగస్టు. పుంగనూరు నుంచి మొదటి బస్సు పట్టుకొని అతను ఇంత పొద్దున్నే వచ్చి ఈ బూడిదలో పొర్లడానికి కారణం మునిరత్నం బావ సుబ్రహ్మణ్యం.

సుబ్రహ్మణ్యానికి పుంగనూరులో పట్టుదారం తీసే షెడ్డు ఉంది. అక్కడా ఆరు తొట్లే. వేడినీళ్ళలో పట్టుగూళ్ళు ఉడుకుతుంటే, ఆడవాళ్ళు తొట్టికొకరు కూర్చొని వేళ్ళతో దారం కొస పట్టి లాగుతారు. ఆ పొయ్యీ, ఆ గొట్టమూ గఫార్‌వే, డెబ్బయ్యారులో కట్టినవి. ఇదే లెక్క, ఇదే మట్టి, ఇదే మేస్త్రీ. అయినా అక్కడ పొగ ఎగదన్నుతుంది. ఎండు కట్టెకు బాగానే లాగుతుంది. వాన పట్టి కట్టె కాస్త చెమ్మగిల్లిందా, పొయ్యి నోటిలోంచి వెనక్కి తన్ని షెడ్డంతా కమ్మేస్తుంది. ఎనిమిదేళ్ళుగా ఇదే తంతు. ఈ వానలకు ఆడవాళ్ళు పనికి రామని తెగేసి చెప్పారు. సుబ్రహ్మణ్యం చెడ్డవాడు కాదు, అరిచే మనిషి కూడా కాదు. మొన్న మేస్త్రీని పిలిపించి, మా బామ్మర్ది గొట్టం లాగుతోంది, నాది లాగడం లేదు, రెండూ నువ్వే కట్టావు, పోయి చూసి తేడా ఎక్కడుందో కనిపెట్టు, లేకపోతే సోమవారం దాన్ని పడగొట్టించి రేకు గొట్టం పెట్టించుకుంటానన్నాడు.

తేడా ఏమీ ఉండదనే గఫార్ నమ్మకం. చేతిలో తప్పు లేదని తేలితే చాలు, ఆ తర్వాత రేకు పెట్టుకున్నా పెంకు పెట్టుకున్నా తనకు బాధ లేదని దారి పొడుగునా బస్సులో అనుకుంటూ వచ్చాడు. నిజానికి బాధ ఉంది. ముప్పై నాలుగు గొట్టాలు కట్టిన మనిషి. పడగొట్టించుకున్నది ఇంతవరకు ఒక్కటీ లేదు.

మునిరత్నం ఇత్తడి గ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చాడు. గఫార్ బూడిదలోంచి లేచి, బొంతరాయి మీద కూర్చొని తాగాడు. మునిరత్నం తల ఎత్తి గొట్టాన్ని చూసుకుంటూ, పెళ్ళికొడుకును చూపించినట్లు చూపించాడు.

“పదారేండ్లయింది మేస్త్రీ. ఒగ పొద్దు గూడా ఎగదన్నలా. వానాకాలం గూడా.”

గఫార్ తల ఊపాడు. పొగడ్త విన్నప్పుడు ఏం చేయాలో అతనికి ఎప్పుడూ తెలియదు. గ్లాసు కింద పెట్టి గొట్టం వెనక్కి పోయాడు. ఎక్కడానికి వీలుగా గొట్టం ఒంటికి రెండు మూరలకొకటి చొప్పున నల్లరాతి పలకలు బిగించాడు అప్పట్లో. కింది పలకకూ దానిమీది పలకకూ మధ్య చేయి పెట్టి కొలిచాడు. ఒక మూర. రెండు మూరలు. పై పలక ఇంకా రెండంగుళాల దూరంలో ఉంది.

వయసులో ఉన్నప్పుడు చేయి ధారాళంగా పోయినట్టుందని అనుకున్నాడు. అప్పుడు తప్పు చేశాను, తర్వాత సరిగ్గా చేశాను. మరి తప్పుగా కట్టింది లాగుతోంది, సరిగ్గా కట్టింది ఎగదన్నుతోంది. ఇక్కడిదాకా వచ్చి అతని బుర్ర ఆగిపోయింది. ఇంకేమీ తోచక, ఒక జనపనార పురి తీసుకొని మళ్ళీ బూడిదలో పడుకొని, గొంతు వెడల్పుకు సరిగ్గా తెంపి, జేబులో పెట్టుకొని బయలుదేరాడు.

మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు ఇంకా రాలేదు. అరుగు అంచున ఇద్దరు ఆడవాళ్ళు పూలగంపలు పెట్టుకొని పక్కపక్కన కూర్చొని ఉన్నారు. ఒకామె పొట్టిగా, ఇంకొకామె పొడుగ్గా ఉంది. ఒక పెద్దావిడ వచ్చి రెండు మూరల కనకాంబరాలు కావాలంది. పొట్టి ఆమె మాల అందుకొని మోచేతి నుంచి వేళ్ళకొస దాకా చాపి కొలవబోయింది. కొనేవిడ అడ్డం పడింది. నీ చేయి పొట్టిదమ్మా, నీ రెండు మూరలు ఆమె ఒకటిన్నర అవుతాయి, నేను ఆమె దగ్గరే కొంటానని అవతలి గంప దగ్గరికి జరిగింది. పొట్టి ఆమె ఏమీ నొచ్చుకోలేదు. దేవుడు ఇచ్చిన చేయి ఇంతేనమ్మా, సాగదీయమంటావా అని నవ్వి, మాల మళ్ళీ గంపలో చుట్ట చుట్టింది. రోజూ పదిసార్లు వినే మాటే అయి ఉంటుంది.

గఫార్ ఆ పొట్టి చేతిని చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత తన ఎడమచేతిని చూసుకున్నాడు. అరచేయి బయటికి తిప్పి, లోపలికి తిప్పి, చాలాసేపు చూసుకున్నాడు. జేబులోంచి పురి తీసి ఒక కొస మోచేతి దగ్గర పెట్టుకొని చేతి వెంబడి పరిచాడు. వేళ్ళు అయిపోయాక కూడా పురి ఇంకా ఉంది. లేని కణుపులు ఎంత పొడుగో అంత ఉంది.

కండక్టరు పుంగనూరు, పుంగనూరు అని కేక వేస్తున్నాడు. గఫార్ పోయి కిటికీ పక్కన కూర్చున్నాడు. గుండె ఝల్లుమనాలి కదా అనుకున్నాడు. ఏమీ కాలేదు. ఒంట్లో ఎక్కడా ఏమీ కదల్లేదు. వేళ్ళ కొసల్లోని మొద్దుతనమే మెల్లగా పైకి పాకి మనిషంతా నిండినట్లు ఉంది. టికెట్టు తీసుకొని ఎక్కడ పెట్టుకున్నాడో కూడా గుర్తులేదు.

వేళ్ళు పోయింది కుప్పంలో, డెబ్బై నాలుగులో. గొట్టానికి అడుగురాళ్ళు తానే పోయి ఏరుకోవడం అతని పద్ధతి. గుట్టలో నల్లరాతి బండ మీద గీత గీసి, ఆ గీత వెంబడి జానకొక గుంట తొలిచి, గుంటల్లో ఇనప సీలలు దించి, ఒకదాని తర్వాత ఒకటి వరసగా కొట్టుకుంటూ పోతారు. ప్రతి దెబ్బకూ చప్పుడు వినాలి. మొదట ఖంగుమంటుంది. ఒక దెబ్బకు ఆ చప్పుడు బొంగురుపోతుంది. రాయి లోపల విడిందన్నమాట. ఆ రోజు చప్పుడు మారిందని గఫార్ అందరికంటే ముందు కనిపెట్టాడు. నెర్రె ఎంత దూరం పోయిందో చూద్దామని ఎడమచేయి పెట్టాడు. పై ముక్క ఒక్క అంగుళం జారింది. అంతే. అరవను కూడా అరవలేదని అక్కడివాళ్ళు చెప్పుకునేవారు. అరవకపోవడం ధైర్యం కాదు, అరిచే తీరిక లేకపోయింది.

ఇటుక ఎత్తేది ఎడమచేత్తో. ఏడాదిన్నర పాటు ఆ చేయి ఇటుక ఎత్తలేదు. ఆ ఏడాదిన్నరా ఇల్లు గడిపింది భార్య ఇమాంబీ. అంతవరకు గడప దాటని మనిషి, పట్టుదారం లాగే పని నేర్చుకుంది. వాళ్ళకు పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒకరికొకరు, ఒక మేక. తర్వాత చేయి నయమై గఫార్ కట్టిన మొదటి గొట్టం సుబ్రహ్మణ్యం షెడ్డుదే. ఇమాంబీ అక్కడే పనికి కుదిరింది. మొదటి మంట వేసిన రోజు ఆడవాళ్ళందరికీ కళ్ళు నీళ్ళు కారాయి. మేస్త్రీ ఏమిటిదని అందరూ అతని వైపు తిరిగారు. ఇమాంబీ పొయ్యి నోటి దగ్గరి మొదటి తొట్టి ముందు కూర్చొని ఉంది. అతను నోరు తెరిచేలోపలే ఆమె చెప్పింది, కట్టెలు పచ్చివని. అందరూ సరే అనుకున్నారు. ఆ మాట ఆమె ఎనిమిదేళ్ళు చెప్పింది. గఫార్ కూడా అదే నమ్మాడు. కట్టెలవాణ్ణి తిట్టాడు, గాలిని తిట్టాడు, మంట వేసే ముసలాడికి చేతకాదన్నాడు.

ఇమాంబీ పనికి పోవడం మానేసి రెండు నెలలైంది. దమ్ము అన్నాడు డాక్టరు, ఊపిరాడని జబ్బు. మేస్త్రీల భాషలో దమ్ము అంటే గొట్టం లాగే లాగుడు. దమ్ముండే గొట్టం, దమ్ములేని గొట్టం అంటారు. డాక్టరు ఆ మాట అన్నప్పుడు గఫార్‌కు ముందు గొట్టమే గుర్తొచ్చి, లాగుతుందా అని అడగబోయి ఊరుకున్నాడు.

బస్సు దిగి నేరుగా షెడ్డుకు పోయాడు. మధ్యాహ్నం కూడు వేళ, పొయ్యి సన్నగా ఉంది. ముసలాడి చేత నిప్పులు ఇవతలికి లాగించి, గొట్టం వెనక తలుపు తీసి, చేతికి తడిగోనె చుట్టుకొని పడుకున్నాడు. పురి గొంతులో పట్టలేదు. ఒక కొస అంచుకు పెడితే రెండో కొస గోడకు తగిలి వంగింది. వంగిన ముక్క కణుపంత ఉంది. తప్పు ఎక్కడుందో చేతికి దొరికింది. ఈ చేయి తగ్గాక కట్టినవి ఇదొక్కటే కాదు. మొత్తం పదకొండు. అన్నీ ఇదే మూర.

లేచి ఒళ్ళు దులుపుకొని సుబ్రహ్మణ్యం దగ్గరికి వచ్చాడు. అతను గూళ్ళ మూటల పక్కన కుర్చీలో ఉన్నాడు. ఆడవాళ్ళు సంగటి ముద్దలు ముందు పెట్టుకొని తింటున్నారు. ఈ నాలుగు అడుగుల్లో గఫార్ రెండు మాటలు ఆలోచించాడు. ఒకటి కట్టెలు పచ్చివని. రెండోది చెప్పేశాడు.

“తప్పు నాదేనప్పా. గొంతు తక్కువుండాది. గొట్టం గూడా రెండడుగులు పొట్టి. నా చెయ్యి తగ్గిపోయుండాది.”

సుబ్రహ్మణ్యానికి వెంటనే అర్థం కాలేదు. గఫార్ ఎడమచేయి చాపి, దానిమీద పురి పరిచి చూపించాడు. చూశాక సుబ్రహ్మణ్యం కుర్చీలో వెనక్కి వాలాడు.

“నీ చెయ్యి పొట్టిదైపోయిందని నీకే తెలీలేదా మేస్త్రీ?”

“తెలీలేదప్పా.”

తినేవాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. నవ్వకుండా ఎలా ఉంటారు. మనిషి రోజూ అన్నంగిన్నె పట్టుకునే చేయి, ముఖం కడుక్కునే చేయి, నమాజుకు ముందు మూడుసార్లు తడుపుకునే చేయి. కొలిచేటప్పుడు మాత్రం పాత చేయే ఉన్నట్లు ఎనిమిదేళ్ళు కొలిచాడు. ఇమాంబీ పక్కన రెండో తొట్టి దగ్గర కూర్చునే మంగమ్మ నవ్వలేదు. తినడం ఆపి తల వంచుకుంది.

సుబ్రహ్మణ్యం పురి అందుకొని చూసి తిరిగి ఇచ్చాడు. ఎట్లా బాగుచేస్తావని మాత్రం అడిగాడు. గొంతు పగలగొట్టి వెడల్పూ ఎత్తూ పెంచి, పైన ఎనిమిది వరసలు లేపితే సరిపోతుందని, మూడు రోజుల పని అని గఫార్ చెప్పాడు. సుబ్రహ్మణ్యం ఒప్పుకున్నాడు. ఒప్పుకొని, లేచి పోతూ, ఈసారి టేపు పెట్టి కట్టమన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. మామూలుగానే అన్నాడు. గఫార్ సరేనన్నాడు. ముప్పై ఐదేళ్ళ పని మీద ఆ మాట పడింది. పడ్డట్టు కూడా తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఎండ గోడ మీదికి ఎక్కింది. ఇమాంబీ పడుకోలేదు, ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చొనే ఉంటోంది ఈ నెలంతా. ఒళ్ళో రెండు దిండ్లు పెట్టుకొని వాటిమీద మోచేతులు ఆనించి ఉంది. పక్కింటి బద్రున్నీసా మధ్యాహ్నం వచ్చి రాగి గంజి తాపించి పోయిందట, సగమే దిగిందట. ఇవన్నీ ఇమాంబీ ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పింది. చెప్పి, పోయిన పని ఏమైందని అడిగింది.

గఫార్ కాళ్ళు కడుక్కొని ఆమె పక్కన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఇద్దరూ ఎదుటి గోడనే చూస్తూ కూర్చోవడం వాళ్ళకు అలవాటు. రంగుల షెడ్డు గురించి చెప్పాడు, పూలావిడ గురించి చెప్పాడు, పురి తీసి చూపించాడు. ఇమాంబీ అంతా విని, కొంచెం తల ఎత్తింది.

“కట్టెలు పచ్చివిలే.”

“కట్టెలు కాదు. నా చెయ్యే.”

“పచ్చివే. వానలు కదా.”

వాదించే ఓపిక ఇద్దరికీ లేదు. ఆమె అతని ఎడమచేతిని లాక్కొని దిండు మీద పెట్టుకుంది. ఆమె వేళ్ళ కొసలు కూడా ఏళ్ళ తరబడి మరిగే నీళ్ళలో మునిగి తెల్లగా, ముడతలు పడి, నున్నగా ఉన్నాయి. పొయ్యి మీది గిన్నె మసిగుడ్డ లేకుండానే దించేసేది. ఆ వేళ్ళు ఈ మొండివేళ్ళ మీద ఉన్నాయి. ఎవరి చేయి ఎవరికి తెలుస్తోందో చెప్పడం కష్టం. గఫార్‌కు బరువు మాత్రం తెలిసింది.

అప్పుడు అతనికి ఏడుపు వచ్చి ఉంటే బాగుండేది. క్షమించమని అడగాలని ఉంది, కాని ఆ మాట వాళ్ళింట్లో ఎవరూ ఎప్పుడూ వాడింది కాదు. పని మాటలే వచ్చాయి. ఇది ముందు బాగుచేస్తాను, తర్వాత మిగతావన్నీ ఒక్కొక్కటిగా పోయి సరిచేసి వస్తాను అన్నాడు. ఎవరూ పిలవకపోయినా పోతాను అన్నాడు.

“ఊఁ” అంది ఇమాంబీ.

అతను వరస పెట్టి చెప్పుకుపోయాడు. ఇక్కడే పుంగనూరులో సుశీలమ్మ వాళ్ళ పట్టుషెడ్డు. ఊఁ. కోనేటి వెనక రొట్టెల బట్టీ. ఊఁ. మదనపల్లెలో గోవిందస్వామి పెంకుల బట్టీ, దానికి గొంతు రెండు మూరలు, అంటే రెండు కణుపులు తక్కువ. ఊఁ. మదనపల్లెలోనే ఇంకో రెండు రంగుల షెడ్లు, ఆ రెండూ ఒకే ఏడు కట్టాడు. ఊఁ. పెద్దతిప్పసముద్రంలో బెల్లం పొయ్యి, అక్కడ సరైన మట్టి దొరకదు, మట్టి ఇక్కడినుంచే తోలుకుపోవాలి. ఊఁ. కుప్పంలో పట్టుషెడ్డు. రామకుప్పంలో బెల్లం పొయ్యి, దాన్ని ఏనుగులు ఒకసారి తోసేస్తే మళ్ళీ కట్టాడు, మళ్ళీ కట్టినప్పుడు కూడా ఇదే మూర. అక్కడివాళ్ళు మంచివాళ్ళు, కోపం చేసుకోరు. కుప్పం రైలుగేటు దగ్గర ఇంకొకటి. దాని యజమాని మాత్రం నోరున్న మనిషి, నాలుగు మాటలు అంటాడు, అననీ. పదకొండోది కూడా చెప్పి, రైలుగేటువాడి దగ్గరికి ముందు పోవాలా చివర పోవాలా అని ఆమెను అడిగాడు.

జవాబు రాలేదు. నిద్రపట్టినట్టుంది, నెల రోజుల తర్వాత ఈ కాస్త నిద్ర పట్టింది, కదిలితే లేస్తుందని గఫార్ చేయి లాక్కోకుండా అట్లాగే కూర్చున్నాడు. మసీదులో మగ్రిబ్ అజాన్ వినిపించింది. నమాజుకు కూడా లేవలేదు. బద్రున్నీసా దీపం పట్టుకొని గంజి తెచ్చింది. గుమ్మంలో నిలబడి ఇమాంబీని చూసింది. గిన్నె మెల్లగా నేలమీద పెట్టింది.

“నిద్రపోతాండాది” అన్నాడు గఫార్.

“లేదు భాయీ” అంది బద్రున్నీసా.

మర్నాడు మధ్యాహ్నం జుహర్ నమాజుకు ముందే మట్టి చేశారు. గోరీ తవ్వేవాళ్ళు కర్ర పెట్టి కొలుచుకున్నారు, గఫార్ అటు చూడలేదు. మూడో రోజు గోరీ దగ్గర జియారతు ప్రార్థన అయింది. బంధువులు కుప్పం నుంచి వచ్చినవాళ్ళు కుప్పం పోయారు. నాలుగో రోజు పొద్దున అతను తాపీ, సుత్తి, ఉలి సంచిలో వేసుకొని, పెట్టెలోంచి టేపు తీసుకొని షెడ్డుకు పోయాడు. ఇంకొన్ని రోజులు ఆగమని సుబ్రహ్మణ్యమే కబురు పంపాడు. పని ఉంటే బాగుంటుందనుకొని గఫారే వచ్చాడు.

మూడు రోజులు చేశాడు. ఇటుకలు నీళ్ళలో నానబెట్టాడు. గొంతు ఉలితో తొలిచి, టేపు పెట్టి చూసి, మట్టి పూసి, అంచు వెంబడి గాడి లాగాడు. గొట్టం పైకెక్కి, సున్నానికి బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి, ఎనిమిది వరసలు లేపాడు. వరస వరసకూ తూకంగుండు వదిలి చూశాడు. గొంతు తొలవడం, టేపు పెట్టడం, ఈ రెండే అతనికి కొత్త, మిగతావన్నీ చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. మూడో రోజు సాయంత్రం పొయ్యిలో కావాలనే తడికట్టె పెట్టించాడు. పొయ్యి నోటి దగ్గర ఎండుగడ్డి వెలిగించి పట్టుకున్నాడు. మంట నిటారుగా నిలబడి, ఊగి, లోపలికి వంగి, గొంతు వైపు ఉరికింది. పొగ ఒక్క పోగు వెనక్కి రాలేదు. ఆడవాళ్ళ కళ్ళు పొడిగా ఉన్నాయి. సుబ్రహ్మణ్యం బాగుంది మేస్త్రీ అన్నాడు. గఫార్ తల ఊపాడు.

సంచి సర్దుకుంటుంటే మంగమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఇమాంబీ పోయినప్పటి నుంచి మొదటి తొట్టి ఆమెకిచ్చారు.

“అన్నా, ఈడ ఒగటి సూడల్ల నువ్వు.”

మొదటి తొట్టి వెనక గోడ దగ్గరికి తీసుకుపోయింది. కూర్చుంటే ముఖం ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తులో, గోడకు అడ్డంగా పరిచిన ఇటుకల వరసలో, ఒక ఇటుక చుట్టూ సున్నం లేదు. బూడిద మెత్తి ఉంది. మంగమ్మ గోళ్ళతో ఆ బూడిద గీకి, ఇటుకను రెండు వైపులా పట్టుకొని లాగింది. సొరుగులా వచ్చేసింది. సందులోంచి చల్లటి గాలి, వెనక చింతచెట్ల మీది వెలుతురు లోపలికి వచ్చాయి.

ఇమాంబీ మొదటి వానాకాలమే తీసిందట. దారం తిప్పే ఇనప కడ్డీతో వారం రోజులు సున్నం గీకిందట. పొగ ఎక్కువైనప్పుడు ఇటుక లాగి అక్కడ ముఖం పెట్టుకొని ఊపిరి తీసుకునేదట. ఎక్కువ పొగ వచ్చేది పొయ్యి నోటి దగ్గర, ఆ తొట్టి ఇంకెవరికిచ్చినా నాలుగు రోజుల్లో గొడవ చేస్తారని, ఎనిమిదేళ్ళు ఎవరికీ ఇవ్వలేదట.

“నువ్వు వస్తాండావని తెలిస్తే సాలు, పెట్టేసి బూడిది మెత్తేసేది. నీకు సెప్పినామంటే తన మింద ఒట్టే అనింది. ఇంగ ఒట్టు యాడిది, మనిసే లేనప్పుడు.”

గఫార్ ఇటుక అందుకొని రెండు చేతుల్లో పట్టుకున్నాడు. ఆ గోడ కూడా అతను కట్టిందే, అతను పరిచిన ఇటుకే. ఎనిమిదేళ్ళలో వంద సార్లు ఈ గోడ పక్కన నిలబడ్డాడు. సున్నం బాగా పట్టిందని ఒకసారి అరచేత్తో తట్టి కూడా చూశాడు. ఆ రోజు ఆమె ఇక్కడే కూర్చొని ఉంది, తల వంచుకొని దారం లాగుతూ ఉంది. కట్టెలు పచ్చివని అంది. అతను ఊఁ అన్నాడు. ఇప్పుడు గుండెలో ఏదో విడిన చప్పుడు అతనికి వినిపించింది. అరిచే తీరిక మాత్రం ఇప్పుడు చాలా ఉంది. అయినా అరవలేదు.

సున్నం కలిపి పూడ్చేస్తావా అన్నా, ఇంకెందుకిది అని మంగమ్మ అడిగింది. అతను సందును చూశాడు, ఇటుకను చూశాడు, మళ్ళీ సందును చూశాడు. ఉండనీమ్మా అన్నాడు. ఇటుకను తొట్టి గట్టు మీద పెట్టి, సంచి భుజాన వేసుకొని, బయటికి నడిచాడు.

పట్టుకొని లాగేచోట రెండు పక్కలా ఇటుక లోపలికి అరిగి ఉంది, ఒక పక్క బొటనవేలంత, ఇంకో పక్క నాలుగు వేళ్ళంత.